సేటు గోడ మీది కళ్ళం

మిర్యాలగూడలో మేము పని చేసిన బియ్యం మిల్లును మొన్న పడగొట్టారు. ప్లాట్లు చేస్తారట. మా తమ్ముడు అందులోనే హమాలీ పని చేసి చేసి ముసలివాడయ్యాడు కనుక, పాత సామాను లారీకెత్తే రోజున వాణ్ణి పిలిచి నీకేదన్నా కావాలంటే తీసుకుపో అన్నారట. ఇంకొకడైతే బీరువా అడుగుతాడు, త్రాసు అడుగుతాడు. మావాడు ఆఫీసు గోడ మీది పటం అడిగాడు. దాన్ని పాత చీరలో చుట్టి, బస్సులో చంటిపిల్ల లాగా ఒళ్ళో పెట్టుకొని, కోదాడలో ఉన్న మా ఇంటికి తెచ్చాడు. "అక్కా, నాయనమ్మ కళ్ళం తెచ్చిన" అని గుమ్మంలోనే చెప్పి, మంచినీళ్ళు అడిగాడు.

డిగ్రీ చదివే నా మనవరాలు చీర విప్పి చూసింది. ఫోనుతో ఫొటో తీసింది, ఆ ఫోనునే ఏదో అడిగింది. "అమ్మమ్మా, ఇది కళ్ళం కాదు. సముద్రం. తెరచాప పడవలు, జెండాలు గూడ ఉన్నయి చూడు. ఫ్రాన్సు దేశపోళ్ళు గీసిన్రు. ఇంప్రెషనిజం అంటరు. కావాలనే గట్ల మసక మసకగ, చుక్కలు చుక్కలుగ వేస్తరంట" అంది.

"సముద్రమైతే ముంగట వడ్లెందుకున్నయే?" అన్నాను.

"అవి వడ్లు కాదు, ఇసుక."

"ఇసుకను అంత సాపుగ ఎవరు నెరుపుతరు? కూలి ఎవరిస్తరు?"

అది పడీ పడీ నవ్వింది. నవ్వడం అయ్యాక, అసలు దీన్ని కళ్ళమని ఎవరు చెప్పారో చెప్పమని కూర్చుంది. చెప్పాను. రాయమంది. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. గుర్తుండటం వరకే నా వంతు, ఒత్తులూ దీర్ఘాలూ అది దిద్దుతానంది. అందుకని రాస్తున్నాను.

మా నాయనమ్మ పేరు ఈదమ్మ. మిల్లు వెనక ఊక కుప్పల పక్కన రేకుల ఇండ్ల వరుసలో మాది చివరి ఇల్లు. మా ఇంట్లో తెల్లవారడం కోడి కూతతో కాదు, వాసనతో. ఉడికిన వడ్ల ఆవిరి తియ్యగా, కాస్త పులుపుగా రేకుల కింది సందులోంచి దూరి ముక్కు మీద కూర్చునేది. అమ్మ డబ్బా పొయ్యి మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ ఊక కూరేది. సీసాను మెల్లగా పైకి లాగితే మధ్యన బొర్ర మిగిలేది. దాంట్లో అగ్గి పెడితే చాయ్ కాగి, అన్నం ఉడికి, నీళ్ళు కాగినా ఇంకా మండుతూనే ఉండేది. మా తలల్లో ఊక, చీరల్లో ఊక, పప్పులో ఊక. చుట్టాలు వస్తే మొదట అన్నం మెతుకుల్లో ఊక ఏరుకొని, ఆ తరువాత క్షేమం అడిగేవాళ్ళు.

నాయనమ్మ నోట్లో ఎప్పుడూ ఒక వడ్లగింజ ఉండేది. పంటి కింద టక్కుమంటే ఆరినట్టు, నలిగితే పచ్చిగా ఉన్నట్టు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, మా చిన్నత్త పెండ్లిలో పందిట్లో కూర్చొని, చేతికిచ్చిన అక్షింతల్లోంచి ఒక గింజ నోట్లో వేసుకొని కొరికి, "ఇంకో ఎండ పడాలె" అంది. పెండ్లికొడుకు తరఫువాళ్ళు అది ఏదో అపశకునమనుకొని అయ్యగారిని అడిగారు. అయ్యగారు కూడా ఒక గింజ కొరికి చూసి, నిజమే, పచ్చిగా ఉన్నాయన్నాడు. ముహూర్తం కాసేపు ఆగింది.

మిల్లులో ఉడికించిన వడ్లను సిమెంటు కళ్ళం మీద ఆరబోసేవాళ్ళం. నలభైమంది ఆడవాళ్ళం. పాదాలు ఈడుస్తూ నడిస్తే వడ్లు చాళ్ళు చాళ్ళుగా తిరగబడేవి. ఆ నలభైమందికి నాయనమ్మ మేస్త్రి. పదిహేనేండ్ల దాన్ని, నేనూ ఆ జట్టులోనే. మేస్త్రి పనిలో పెద్ద పని వాన చెప్పడం. మబ్బు కనపడగానే వడ్లు కుప్పలు లాగి పట్టాలు కప్పితే, ఆ మబ్బు ఉత్తదైతే ఒక ఎండ వృథా. లాగకపోతే, వాన పడితే బియ్యం నల్లబడి వాసన కొడతాయి. అందుకని మా మిల్లులో ఒక కట్టుబాటు ఉండేది. మేస్త్రి "లాగుండ్రి" అనేదాకా ఎవరూ పట్టా ముట్టకూడదు, మబ్బు మాట ఎత్తకూడదు. నలభై నోళ్ళు నలభై వానలు చెబితే కళ్ళం నడవదు. నాయనమ్మ ముక్కు పైకెత్తి రెండుసార్లు గాలి పీల్చేది, చెవి తమ్మె పట్టుకొని లాగేది, చెప్పేది. తప్పిపోయింది నేను చూడలేదు.

అయితే ఆ ఏడు ఆమె కండ్లు పోతున్నాయి. మాకు తెలుసు. బయట తెలియకూడదు. మేస్త్రి పని పోతే ఆమె ఇంట్లో కూర్చోవాలి. కూర్చుంటే ఆమె బతకదని మా నాయన అనేవాడు, ఆయన అన్నది తిండి గురించి కాదు. ఆమె మిల్లులో ఎక్కడ ఏముందో కాళ్ళతో గుర్తు పెట్టుకుంది. మెట్లు మూడు, తొట్లు ఏడు, ఆఫీసు గుమ్మం దగ్గర ఒక పగులు. ఎవరన్నా వస్తువు జరిపితేనే చిక్కు. ఒకరోజు మిల్లు యజమాని సేటు తన కండువా బస్తాల దొంతి మీద వేసి లోపలికి పోయాడు. నాయనమ్మ ఆ దొంతి ముందు నిలబడి, దండం పెట్టి, ముగ్గురు కూలోళ్ళు రాలేదని, చీపుర్లు అరిగిపోయాయని, తొట్టి కారుతున్నదని అంతా విన్నవించింది. జవాబు రాకపోయేసరికి, "సరే సేటు, మీ ఇష్టం" అని వచ్చేసింది.

అది గుమస్తా చూశాడు. సన్నటి మనిషి. చెవి మీద పెన్సిలు, నోట్లో లవంగం. దుర్మార్గుడేం కాదు. మిల్లు మునగకూడదని ఆయన భయం. సేటు దగ్గరికి పోయి, "ముసలామెకు సూపు లేదు సేటు. బస్తాలకు దండం పెడ్తాంది. ఒకనాడు కళ్ళం అంతా తడిపి పెడ్తది" అన్నాడట. సేటు నమ్మలేదు. "ఆ బస్తాలు జవాబియ్యకుంటేంది, లోపల నాకు వినబడ్డది గదనయ్యా, చీపుర్లు తెప్పించిన" అన్నాడట. చివరికి ఇద్దరూ ఒక పరీక్ష పెట్టాలనుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఆఫీసులోకి పటం వచ్చింది. హైదరాబాదులో ఎవరో పెద్దింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తుంటే సేటు బల్లా కుర్చీలూ కొన్నాడు, వాటితోపాటు ఈ పటం అంటగట్టారు. విదేశీ బొమ్మ, గొప్పది అని చెప్పారట. గోడకు తగిలించాక అసలు గొడవ మొదలైంది. అందులో ఏముందో మిల్లులో ఒక్కరికీ తెలియలేదు. దగ్గరికి పోతే రంగు మరకలు. సేటు అద్దం తుడిపించాడు, మరకలు పోలేదు. కోదాడ నుంచి వచ్చే లారీ డ్రైవరు ముక్కు ఆనించి చూసి, "దారిలో తడిసినట్టుందండీ, రంగు కారిపోయింది. ఎండలో పెడితే సర్దుకుంటదేమో" అన్నాడు. ఒక పూట మా కళ్ళం మీదే, వడ్ల పక్కన ఆరబెట్టారు కూడా. సర్దుకోలేదు.

ఆ సాయంత్రం లెక్క చెప్పడానికి నాయనమ్మ ఆఫీసు గుమ్మం దాకా వచ్చింది. వెనక నేను. గుమస్తా సేటుకు సైగ చేసి, "ఈదమ్మా, గోడ మీద కొత్త పటం పెట్టినం. అండ్ల ఏమున్నదో జర చెప్పు" అన్నాడు.

నాయనమ్మకు అర్థమైపోయింది, ఇది పటం ముచ్చట కాదని. చేత్తో గుమ్మం పట్టుకుంది. పది అడుగుల దూరం. తల కొంచెం పక్కకు వంచి చూసింది.

"కళ్ళం" అంది.

సేటు కుర్చీ మా వైపు తిప్పాడు.

"కళ్ళం సేటు. మంచిగ పలచగ ఆరబోసిన్రు. ఎనక నీళ్ళు పారుతున్నయి, తొట్టి పొంగింది. అటు మూలకు తెల్ల పట్టాలు లేపుతున్నరు, ఇప్పుడు లేపితే ఏం లాభం. మబ్బు నెత్తి మీదికొచ్చింది. నడుమ గొడుగులు పట్టుకొని నిలబడ్డోళ్ళు కూలోళ్ళు కాదు, సేటు ఇంటోళ్ళు. ఒక్కతి కూడ వంగుతలేదు. పిట్టలకు బెదురు గుడ్డలు గూడ కట్టిన్రు, గాలికి కొట్టుకుంటున్నయి."

"ఆ నల్లగున్నది ఏంది?" అన్నాడు గుమస్తా, గొంతు తగ్గించి.

"కుర్చీ. ఖాళీగున్నది. గుమస్తా చాయ్ తాగబోయినట్టున్నడు."

సేటు లేచి వచ్చి గుమ్మంలో, నాయనమ్మ పక్కన నిలబడి, కండ్లు సగం మూసి చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన ముఖం వెలిగిపోయింది. "అవును. వడ్లు. అగో పట్టాలు" అన్నాడు. లోపలున్న హమాలీలందరినీ వరుసగా గుమ్మంలో నిలబెట్టి చూపించాడు. అందరికీ కళ్ళమే కనిపించింది. నాకూ కనిపించింది, ఈ రోజు వరకూ అదే కనిపిస్తున్నది. గుమస్తా ఒక్కడే బల్ల దగ్గర నిలబడి, పటానికి జానెడు దూరంలో, మరకలంటాడు. పరీక్ష పెట్టినవాడికి జవాబు తెలియదు, ఇక ఆమె చెప్పింది తప్పని ఎట్లా అంటాడు? సేటు ఆయన వైపు జాలిగా చూసి, "నువ్వు సూర్యాపేట పోయి కండ్ల డాక్టరుకు చూపించుకో. లెక్కలు రాసే మనిషివి" అన్నాడు.

గుమస్తా పోయాడు. డాక్టరు ఏ లోపం లేదన్నాడట. సేటు ఒప్పుకోలేదు, రెండోసారి పంపాడు. మూడోసారికి గుమస్తా విసిగిపోయి, ఉత్త అద్దాలు బిగించిన జోడు ఒకటి చేయించుకొని పెట్టుకొచ్చాడు. "ఇప్పుడు కనబడ్తాందా?" అన్నాడు సేటు. "కనబడ్తాంది సేటు. వడ్లే" అన్నాడు పాపం.

ఆనాటి నుంచి బియ్యం కొనడానికి ఎవరొచ్చినా సేటు నాయనమ్మను పిలిపించి పటం చెప్పించేవాడు. విదేశాల్లో కూడా మిల్లులు మనలాగే నడుస్తాయని, కాకపోతే అక్కడి మేస్త్రులు చేతగానివాళ్ళని ఆయన ముక్తాయింపు. నాయనమ్మకు మాత్రం ఆ పటం దిగులైపోయింది. రోజూ లెక్క చెప్పి తిరిగేటప్పుడు దానివైపు ఓసారి చూసి, "ఇంక లాగలే" అని నిట్టూర్చేది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చొని, "అన్ని వడ్లు. ఎవరి కష్టమో" అనేది. అమ్మ, "బొమ్మ వడ్లకు ఏడుస్తవేందత్తా, తిను" అంటే, "బొమ్మ గీసేటోడు ఉన్నయే గదనే గీసేది" అనేది. అమ్మ ఇంకో గరిటె పప్పు వేసేది.

వానల నెల వచ్చింది. నాయనమ్మకు పడిశం పట్టింది. ఆ సంగతి ఎంత పెద్దదో ముందు మాకెవరికీ తట్టలేదు. కండ్లు పోయినా ఆమెను నిలబెట్టింది ముక్కే కదా. ఇప్పుడది మూసుకుపోయింది. నీలగిరి తైలం వాసన తప్ప ఆమె దగ్గర లోకంలో ఇంకో వాసన లేదు. ఆ రోజు కళ్ళం నిండా వడ్లు. మధ్యాహ్నం వేములపల్లి దిక్కు నుంచి మబ్బు లేచింది. గేదె వీపంత నల్లగా, కిందికి వేలాడుతూ. నలభైమంది పాదాలు నెమ్మదించాయి. అందరం మబ్బును చూస్తున్నాం, మేస్త్రిని చూస్తున్నాం. మేస్త్రి ముక్కు పైకెత్తింది, గుర్రుమని చీదింది, చెవి తమ్మె లాగింది. ఏమీ అనలేదు. వరండాలో గుమస్తా తన ఉత్త అద్దాల్లోంచి ఆమెనే చూస్తున్నాడు. ఈ పూట తేలిపోతుందని ఆయనకు తెలుసు.

మాట ఎత్తకూడదు. ఎత్తితే, కనపడనిది ఒక్క మేస్త్రికేనని అందరి ముందూ చెప్పినట్టే. యాదమ్మ అని, జట్టులో పాత మనిషి, మెల్లగా అంది, "ఇయ్యాల ఎండ జర తగ్గినట్టుంది గదా ఈదక్కా."

"తగ్గితే తగ్గనియ్యి. నువ్వు కాళ్ళు ఆడియ్యి."

"కొంగలు ఇంటికి మర్లినయి" అంది ఇంకొకతె.

"పోనియ్యి. మన వడ్లు తింటలేవు గద."

"నా చీర కొంగు ఆగుతలేదు, ఏం గాలో" అంది మూడో ఆమె.

"దోపుకో."

మొదటి చుక్క నా మోచేతి మీద పడింది. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే, ఎక్కడి నుంచి వచ్చిందో, "నాయనమ్మా, ఇయ్యాల అచ్చం సేటు పటం లెక్కనే ఉందే" అన్నాను.

ఆమె పాదం ఆగింది. "పటం లెక్కనా?"

"అవునే."

"ఎందాక?"

"గొడుగులోళ్ళ నెత్తి మీది దాకా వచ్చింది."

"లాగుండ్రి" అంది.

ఆ లాగుడు నేను చచ్చేదాకా మరిచిపోను. నలభైమందిమి వింటి నుంచి వదిలిన బాణాల్లా ఉరికాం. పట్టాలు విప్పడానికి హమాలీలు వచ్చారు, సేటు వచ్చాడు, చివరికి గుమస్తా కూడా పంచె ఎగదోపి వచ్చి కుప్ప మీద పడుకొని, పట్టా ఎగిరిపోకుండా చేతులు చాపి పట్టుకున్నాడు. వాన ఆయన వీపు మీదే మొదలైంది. మూల మీది రెండు చాళ్ళు తడిశాయి, అంతే. తడిసిన అద్దాలు చేత పట్టుకొని గుమస్తా, "పటం ఆఫీసుల ఉన్నది. ఈడికెళ్ళి ఆమెకు ఎట్ల కనబడ్డది సేటు?" అన్నాడు. "ఆమెకు కనబడ్తది. నువ్వు అద్దాలు తుడుచుకో" అన్నాడు సేటు.

ఆ తరువాత మా నాయన ఆగలేదు. సూర్యాపేటలో ఒక బడిలో ఉచిత కంటి ఆపరేషన్లు చేస్తుంటే తీసుకుపోయాడు. మిల్లులో మాత్రం మఠంపల్లి దగ్గర చుట్టాలింట్లో శుభకార్యమని చెప్పాం. ఆమె తిరిగొచ్చినప్పుడు ముఖం మీద సీసా అడుగంత మందం అద్దాలు. అప్పటి ఆపరేషన్లు అట్లాంటివి. కంట్లోని ముసురు తీసేసి, దాని బదులు ముక్కు మీద ఇంత బరువు పెట్టేవాళ్ళు. ఇంట్లోకి అడుగు పెట్టి చుట్టూ చూసింది. "ఇల్లు ఇంత మసి పట్టిందేందే" అంది అమ్మతో. నన్ను చూసి, "నువ్వు ఇంత నల్లగున్నవా పిల్లా, ఎవ్వరు చెప్పలే" అంది. రెండు రోజులు మమ్మల్నందరినీ కొత్తగా చూసి ఒక్కొక్కరికీ ఒక్కొక్క వంక చెప్పింది.

మిల్లుకు పోతే గుమస్తా ఎదురొచ్చాడు. "ఏంది ఈదమ్మా, అద్దాలు?"

"నువ్వు పెట్టుకుంటే మంచిగ కొట్టొచ్చినట్టు కనబడ్డవు. నేను గూడ చేయించుకున్న" అంది.

ఆ సాయంత్రమే పెద్ద బేరగాడు ఎవరో వచ్చాడు. సేటు ఎప్పటిలాగే కబురు పెట్టాడు. నాయనమ్మ గుమ్మంలో నిలబడింది. నేను పక్కనే ఉన్నాను, ఆమె ముఖం చూశాను. అద్దాల్లోంచి పటం వైపు చూసి అట్లాగే ఉండిపోయింది. ఆమెకిప్పుడు అక్కడ కళ్ళం లేదు. గొడుగులవాళ్ళు లేరు, నీళ్ళు లేవు, మబ్బు లేదు. ఉన్నవి మరకలు. దగ్గరి నుంచి చూస్తే అదే కదా కనిపించేది, పది అడుగులైనా ఆ మందపాటి అద్దాలు దాన్ని తెచ్చి ముక్కు మీద పెట్టాయి. గుమస్తా పెన్సిలు చెవి మీంచి తీశాడు. కనపడనప్పుడు గెలిచిన మనిషి, కనపడ్డాక ఓడిపోయేటట్టుంది. ఏమీ లేదని చెబితే కండ్లు పోయాయంటారు, అద్దాలు దానికి సాక్ష్యం.

నాయనమ్మ మెల్లగా అద్దాలు తీసింది. కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ తలెత్తి, పటం వైపు ఉత్త కండ్లతో చూసింది. ఆపరేషన్ అయిన కంటికి అద్దం తీస్తే లోకమంతా మునుపటికన్నా మసక. ఆమె ముఖం విప్పారింది. "కళ్ళం సేటు" అని మొదలుపెట్టి, వడ్లు, పట్టాలు, గొడుగులు, బెదురు గుడ్డలు, గుమస్తా కుర్చీ, అన్నీ వరుసగా చెప్పింది. చెప్పడమయ్యాక అద్దాలు పెట్టుకుంది. "చూసినవా, అద్దాలు లేకుండనే" అన్నాడు సేటు బేరగాడితో. ఆ తరువాత ఆమె తొమ్మిదేండ్లు మేస్త్రిగా చేసింది. తనంతట తానే, ఇక కాళ్ళు రావడం లేదని మానేసింది.

ఇప్పుడు వడ్లు ఆరబెట్టడానికి యంత్రాలున్నాయి. ఇనప గూటిలో ఒకవైపు పోస్తే ఇంకోవైపు ఆరి వస్తాయి. గింజ కొరికే పని కూడా చేతిలో పట్టే మిషనుదే, అంకె చూపిస్తుంది. వాన సంగతి ఫోను చెబుతుంది. నా మనవరాలు కిటికీలోంచి చూడకుండా ఫోనులో చూసి గొడుగు తీసుకుపోతుంది, ఎక్కువసార్లు సరిగ్గానే చెబుతుంది, నేనేం తప్పు పట్టను. మా పాదాలు పగిలి నెత్తురొచ్చేవి, ఆ బతుకు మళ్ళీ రావాలని నేను కోరుకోను. కానీ ఫోను తప్పు చెబితే దాని పక్కన నిలబడి కొంగల ముచ్చట తీసేవాళ్ళు ఎవరూ లేరు. దానికి అవసరమూ లేదు. దాని పని పోదు.

బేరగాడికి పటం చెప్పిన ఆ సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి నడిచి వస్తున్నాం. ఊక కుప్పలు దాటాక నాయనమ్మ నాతో అంది, "అద్దాల్ల నుంచి చూసిన సైదమ్మా. అండ్ల ఏం లేదు. ఉత్త రంగులే."

"మరి నీకు అన్ని రోజులు ఎట్ల కనబడ్డయే?"

"నాకు కనబడ్డట్టే వానికి కనబడ్డయి. ఆ బొమ్మ గీసినాయనకు కండ్లు పోయినయి బిడ్డా. మసక. ఎవరికీ చెప్పుకోలే పాపం, పని పోతదని."

నేను నవ్వాను. "కనబడకుంటే ఎట్ల గీసిండు? గొడుగులు, నీళ్ళు, అన్ని ఎక్కడియి అక్కడ పెట్టిండు గద."

ఆమె ఆగి, అద్దాల్లోంచి నన్ను సూటిగా చూసింది. ఆ పెద్ద పెద్ద కండ్లతో అట్లా ఎవరూ నన్ను చూడలేదు.

"పక్కకు మనుషులు ఉండి ఉంటరే. ఎండ తగ్గిందని, కొంగలు మర్లినయని, కొంగు ఆగుతలేదని, ఒక్కొక్కలు ఒక్కో మాట ఇచ్చి ఉంటరు" అంది. "ఎంత లేదన్నా నలభైమంది."